ర్యాపిడ్ చెస్‌లో 1300 రేటింగు దగ్గర ఆగిపోయిన ఆటగాడు 1600 చేరాలంటే సాధన ఎలా ఉండాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చెస్ డాట్ కామ్‌లో 10 నిమిషాల ఆటల్లో మీ రేటింగు చాలా నెలలుగా 1300 చుట్టూనే తిరుగుతోంది, పజిల్స్ రేటింగు మాత్రం 2100 దాటింది. తెల్ల పావులతో లండన్ అనే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) పద్ధతిలో ఆడి దాడి చేసి గెలుస్తున్నారు, నల్ల పావులతో తొలి ఎత్తుల్లోనే దెబ్బతింటున్నారు, గెలుపు దాకా తెచ్చుకున్న ఆటలను చేజార్చుకుంటున్నారు. రోజుకు గంట కేటాయించగలనని, ఏడాదిలో 1600 చేరాలని ఉందని రాశారు. నేను కూడా ఆ మెట్టు మీద చాలాకాలం ఉండి పైకి వచ్చినవాణ్ణే. ఇప్పుడు సాయంత్రం వేళల్లో మా కాలనీ పిల్లల ఆటలు చూసి సలహాలు చెబుతుంటాను కాబట్టి, ఈ స్థాయిలో ఆటలు ఎక్కడ తలకిందులవుతాయో దగ్గరగా గమనించే అవకాశం కలిగింది. మీరు ప్రశ్నతో పాటు జతచేసిన ఆటలను ముందు ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) లేకుండా, తర్వాత ఇంజిన్ పెట్టుకుని చూసిన మీదటే ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా మీ బలం గురించి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా పెద్ద బలం. ప్రత్యర్థి రాజు చుట్టూ బంట్లు కాస్త సడలగానే మీ పావులన్నీ అటువైపు తిరుగుతున్నాయి. శకటును హెచ్7 గడి (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు) మీద బలి ఇచ్చి, గుర్రాన్ని జి5కి, మంత్రిని హెచ్5కి తెచ్చి మీరు గెలిచిన ఆట మీకంటే చాలా పై స్థాయివారు కూడా గర్వంగా దాచుకోదగ్గది. రెండు మూడు ఎత్తుల ముందుచూపు మీకు సహజంగానే ఉంది. లేనిదల్లా, ఆ చూపును ఎప్పుడు వాడాలో చెప్పే అలవాటు. పజిల్స్ రేటింగుకూ ఆటల రేటింగుకూ మధ్య ఉన్న అంత దూరానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

పజిల్ తెరవగానే మీకు అడగకుండానే రెండు సంగతులు తెలిసిపోతాయి. ఈ స్థితిలో ఏదో ఒక గొప్ప ఎత్తు ఉందన్నది ఒకటి, అది మీ వైపే ఉందన్నది రెండోది. అసలు ఆటలో ఈ రెండూ ఎవరూ చెప్పరు. నలభై ఎత్తుల ఆటలో అలాంటి క్షణాలు మూడో నాలుగో వస్తాయి, వాటిలో సగం ప్రత్యర్థి వైపే ఉంటాయి. అందువల్ల పజిల్స్ రేటింగును 2100 నుంచి 2300కు పెంచుకున్నంత మాత్రాన మీ ఆట పెద్దగా మారదు. పజిల్స్‌ను మానమని అనడం లేదు. వాటిని చేసే తీరు మార్చమంటున్నాను. లెక్క మొదలుపెట్టే ముందు బోర్డును ప్రత్యర్థి వైపు నుంచి చూసి, 'ఇప్పుడు ఎత్తు అతనిదైతే నన్ను ఏం చేయగలడు' అని అడిగి, దానికి జవాబు దొరికాకే మీ ఎత్తు వెతకండి. మొదట్లో ఇది విసుగ్గా ఉంటుంది, పజిల్స్ వేగం సగానికి పడిపోతుంది. పడిపోనివ్వండి.

మీ ఆటల్లోంచే ఒకటి చూపిస్తాను. తెల్ల పావులతో ఆడిన ఆ ఆటలో మంత్రులు మారిపోయాయి, మీకు ఒక గుర్రం అదనంగా ఉంది, అది ఇ5లో దర్జాగా కూర్చుని ఉంది. మీ రాజు జి1లో, ముందు ఎఫ్2, జి2, హెచ్2 బంట్లు కదలకుండా ఉన్నాయి. మీకు మిగిలిన ఒక్క ఏనుగు ఎ1లో ఉంది, ప్రత్యర్థి ఏనుగు డి8లో ఉంది. మీరు ఎ1 ఏనుగుతో ఎ7లోని బంటును కొట్టారు, అతను ఏనుగును డి1కి దించాడు, మాట్. ఇదే స్థితిని పజిల్‌గా ఇస్తే, అదీ నల్ల పావుల వైపు నుంచి ఇస్తే, మీరు రెప్పపాటులో చెప్పేస్తారు. ఇక గడియారం సంగతి: ఆ ఎత్తుకు మీరు తీసుకున్నది రెండు సెకన్లు, అప్పటికి మీ దగ్గర ఆరు నిమిషాలు మిగిలే ఉన్నాయి. అంతకు ముందు ఓపెనింగ్‌లో, గుర్రాన్ని డి2కి తేవాలా సి3కి తేవాలా అన్న దగ్గర, ఏ ఎత్తు వేసినా నష్టం లేని చోట, నిమిషంన్నర ఆలోచించారు. హెచ్3 అని బంటును ఒక్క గడి జరిపి ఉంటే రాజుకు ఊపిరి ఆడేది, ఎ7 బంటు తర్వాత కూడా అక్కడే ఉండేది.

మిగతా ఆటల్లోనూ ఇదే తీరు కనిపించింది. సమయం చాలక ఓడిపోతున్నానని మీరు రాశారు గాని, నాకు కనిపించింది వేరు. సమయం ఖర్చయ్యే చోటు సరిగా లేదు. స్థితి ఉద్రిక్తంగా ఉన్నప్పుడు బాగానే ఆలోచిస్తున్నారు, ఒక పావు గెలుచుకోగానే ఆట అయిపోయిందన్నట్టు చేతివేగం పెరుగుతోంది. గెలుస్తున్నప్పుడే ప్రత్యర్థి మరింత తెగించి ఆడతాడు, ఉచ్చులు పన్నుతాడు, కాబట్టి అప్పుడే మీ గడియారం నెమ్మదించాలి. ప్రతి ఎత్తుకు ముందు చెక్‌లు, కొట్టగలిగే పావులు, బెదిరింపులు అనే వరుసలో ముందు అతనివి, తర్వాత మీవి చూసుకోవడం ఐదు సెకన్ల పని. పిల్లల చేత నేను ఇది పైకి చెప్పిస్తాను. కొన్ని వారాలకు పైకి చెప్పడం ఆగిపోతుంది, చూడటం మాత్రం నిలిచిపోతుంది.

ఈ అలవాటు 10 నిమిషాల ఆటల్లో పట్టుబడటం కష్టం. ఆట చివరికి వచ్చేసరికి సెకన్లే మిగులుతాయి, అప్పుడు పాత అలవాటే చేతికి వస్తుంది. అందుకని కనీసం ఆరు నెలలు 15 నిమిషాలకు ఎత్తుకు 10 సెకన్లు కలిసే ఆటలకు మారండి. కోనేరు హంపి 2019లో మాస్కోలోనూ, 2024లో న్యూయార్క్‌లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలుచుకున్నది ఈ కాలపరిమితి మీదే. ఆ స్థాయివారికే ఆలోచించడానికి అంత వ్యవధి కావలసి వచ్చినప్పుడు, నేర్చుకునే దశలో ఉన్న మనకు అది ఎక్కువేమీ కాదు. ఇంకా వేగంగా సాగే బ్లిట్జ్, బుల్లెట్ ఆటలను సరదాకు ఆడుకోవచ్చు, వాటిని సాధన లెక్కలో మాత్రం వేయకండి.

ఎండ్‌గేమ్, అంటే కొద్ది పావులే మిగిలిన చివరి దశ, గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీరు చేజార్చుకున్న పాయింట్లలో పెద్ద వాటా అక్కడే ఉంది. మీ ఆట ఒకదానిలో రాజూ ఒక్క బంటూ మిగిలిన స్థితి వచ్చింది. మీ రాజు ఇ4లో, బంటు ఇ2లో, ప్రత్యర్థి రాజు ఇ6లో, ఎత్తు మీది. మీరు రాజును డి4కి నడిపారు, అతను డి6కి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, తర్వాత బంటును తొందరపడి రెండు గడులు ముందుకు తోశారు, ఆట డ్రా అయింది. అక్కడ బంటును ఇ3కి ఒక్క గడి జరిపితే చాలు. రాజులు ఇ4, ఇ6 గడుల్లో ఎదురెదురుగా నిలిచి, ఎత్తు అతని వంతవుతుంది. అతను డి6కి తప్పుకుంటే మీ రాజు ఎఫ్5కి, ఎఫ్6కి తప్పుకుంటే డి5కి చొచ్చుకుపోయి బంటుకు దారి వేస్తుంది. అదే బంటు మొదటి నుంచీ ఇ3లోనే ఉండి, ఎత్తు మీదే అయి ఉంటే, జరపడానికి ఆ అదనపు ఎత్తు దొరకదు, అతను సరిగా ఆడితే ఆట డ్రాయే. ఒక్క గడి తేడాతో గెలుపు డ్రాగా మారుతుంది. ఇలా రాజులు ఎదురెదురుగా నిలిచి ఎత్తు ఎవరి మీద పడుతుందా అన్న పోరును అపోజిషన్ అంటారు. ఇది తెలియకుండా పావులు మార్చుకుంటూ పోవడం ప్రమాదం, ఎందుకంటే ఏ మార్పిడి గెలుస్తుందో ఏది గెలవదో ముందుగా తెలియదు.

దీనికి మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణే ఉంది. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆటలో, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ నల్ల పావులతో ఆడుతూ, ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు ఉన్న స్థితిలో ఒక్క బంటు ఆధిక్యంతో గంటల తరబడి ఒత్తిడి పెట్టాడు. 55వ ఎత్తులో అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2కి తేగానే గుకేశ్ ఏనుగులను మార్చుకుని, శకటును డి5కి తెచ్చాడు. డింగ్ శకటు ఎ8 మూలలో ఇరుక్కుని ఉండటంతో అదీ మారిపోక తప్పలేదు. మిగిలింది రాజులూ బంట్లే. తెల్ల రాజు ఇ3కి వచ్చింది, నల్ల రాజు ఇ5కి వచ్చి ఎదురుగా నిలబడింది, డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. 18 ఏళ్ల ప్రపంచ చాంపియన్‌ను ఖాయం చేసిన ఆ చివరి ఎత్తు వెనుక ఉన్నది, మీరు ఇ3 దగ్గర వదిలేసిన పాఠమే. ఆ ఆటను 50వ ఎత్తు నుంచి బోర్డు మీద పేర్చుకుని చూడండి, శకట్లు మారాక స్థితిని మీరే తెల్ల పావులతో కాపాడటానికి ప్రయత్నించండి.

ఈ స్థాయికి ఎండ్‌గేమ్‌లో కావలసింది కొంచెమే. అపోజిషన్, పరుగెత్తే బంటును ప్రత్యర్థి రాజు పట్టుకోగలదో లేదో చెప్పే చతురస్ర సూత్రం, ఏనుగుల ఎండ్‌గేమ్‌లో బంటును గెలిపించే లూసెనా స్థితి, ఆ బంటును ఆపే ఫిలిడార్ స్థితి. ఈ నాలుగూ వచ్చినవాడు 1600 దాకా ఎవరితోనైనా ధైర్యంగా పావులు మార్చుకోవచ్చు. లీచెస్ వెబ్‌సైటులో వీటి సాధన ఉచితంగా దొరుకుతుంది. చదివి వదిలేయకుండా కంప్యూటర్‌ను ఎదురు కూర్చోబెట్టి, రెండు వైపుల నుంచీ గెలవడం, కాపాడటం వచ్చేదాకా ఆడండి.

ఓపెనింగ్ గురించి నేను పెద్దగా చెప్పను. తెల్ల పావులతో లండన్ మీకు సరిపోతోంది, దాన్ని ఇప్పుడు మార్చకండి. నల్ల పావులతో మీరు పదే పదే పడుతున్నది ఒకే గోతిలో: ఇటాలియన్ అనే ఓపెనింగ్‌లో ప్రత్యర్థి గుర్రాన్ని జి5కి దూకించి ఎఫ్7 మీద గురి పెట్టినప్పుడు, మీరు డి5 ఆడుతున్నారు, అంతవరకు సరే. అతను బంటుతో డి5 కొట్టగానే మీరు గుర్రంతో తిరిగి కొడుతున్నారు, అప్పుడు అతను ఎఫ్7లో గుర్రాన్ని బలి ఇచ్చి మీ రాజును నడిబోర్డులోకి లాగుతున్నాడు. గుర్రంతో తిరిగి కొట్టే బదులు సి6 గుర్రాన్ని ఎ5కి తెచ్చి శకటును తరమండి. ఒక బంటు పోతుంది గాని మీ పావులు చకచకా బయటికి వస్తాయి. అంత పదునైన ఆట ఇష్టం లేకపోతే మూడో ఎత్తులో గుర్రానికి బదులు శకటును సి5కి తీసుకురండి. ఆరు నెలల దాకా ఓపెనింగ్ వీడియోలు అక్కర్లేదు.

గంట సమయాన్ని రోజూ ఒకే తీరుగా కోయవలసిన పని లేదు. వారంలో మూడు రోజులు ఒక ఆట ఆడి, ఆ వెంటనే దాన్ని పరిశీలించండి. రెండు రోజులు పజిల్స్, పైన చెప్పిన తీరులో నెమ్మదిగా. ఒక రోజు ఎండ్‌గేమ్. ఒక రోజు సెలవు. పరిశీలనలో ఇంజిన్‌ను చివరికి తెరవాలి, మొదట కాదు. ఆట అయిపోగానే ఏ ఎత్తు దగ్గర ఏమనుకున్నారో, దేనికి భయపడ్డారో ఒక నోటుపుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి, ఆ తర్వాత స్టాక్‌ఫిష్ ఇంజిన్ ఏమంటుందో చూడండి. అది చూపే ఎత్తు కంటే, మీ ఆలోచన ఎక్కడ దాని నుంచి విడిపోయిందన్నదే విలువైన సమాచారం. నెల తిరిగేసరికి పుస్తకంలో ఒకే లోపం నాలుగైదు సార్లు కనిపిస్తుంది, మరుసటి నెల సాధన దాని మీదే పెట్టండి. నేను ఇచ్చే ఏ పథకం కంటే మీ చేతిరాతలోని ఆ జాబితాయే నమ్మదగ్గది.

వరసగా రెండు ఆటలు ఓడితే ఆ రోజుకు ఆపేయండి. పోయిన రేటింగును అదే రాత్రి తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదలతో ఆడిన మీ ఆటల్లో నాణ్యత ఎంత పడిపోయిందో మీ ఆటల జాబితాలోనే కనిపిస్తోంది.

1600 అన్న లక్ష్యం గురించి ఒక మాట. రేటింగులు కట్టే ఎలో లెక్క ప్రకారం 200 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు తక్కువున్నవాడి మీద నూటికి సుమారు 76 పాయింట్లు సాధిస్తాడని అంచనా. అంటే 1500 చేరాలంటేనే ఇవాళ్టి మిమ్మల్ని నాలుగు ఆటల్లో మూడింట ఓడించగలగాలి. ఏడాదిలో 1500 చేరితే అది మంచి ఫలితమే, మిగిలిన వంద ఆ తర్వాతి ఏడాది రావచ్చు. ఈ అంకెలను అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చే రేటింగుతో మాత్రం పోల్చకండి. ఫిడేలో 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువ రేటింగే లేదు, రెండు లెక్కలూ వేర్వేరు.

మూడు నాలుగు నెలల సాధన తర్వాత మీ ఊళ్లోనో, దగ్గరి పట్టణంలోనో జరిగే ఎక్కువ సమయం ఇచ్చే ఒక క్లాసికల్ టోర్నమెంటులో ఆడండి. రేటింగు టోర్నమెంటు అయితే ముందుగా ఆలిండియా చెస్ ఫెడరేషన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ ఎత్తులు కాగితం మీద రాయడం తప్పనిసరి, అదీ ఎత్తు వేసిన తర్వాతే రాయాలి. ప్రతి ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన సమయాన్ని కూడా రాసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. అలా రాసుకొచ్చిన కాగితాలను ఇక్కడ పెడితే, ఎ7 బంటు లాంటి చోట్ల మీ చేతివేగం ఎంతవరకు తగ్గిందో కలిసి చూద్దాం.