పేపర్ రాసేముందు మొహమాటం పక్కన పెట్టు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు.

మొదటి వైద్య పరిశోధన పేపర్ రాయబోతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ఏ జర్నల్‌కి పంపితే త్వరగా వేస్తారు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకిస్తారనే లెక్క) ఎంత ఉంటే మంచిది అని అడిగావు. వాటి సంగతి తర్వాత చూద్దాం. ఇన్నేళ్లు జర్నల్ ఎడిటర్‌గా కూర్చుని చూసినదాన్నిబట్టి చెబుతున్నాను. పేపర్లు చాలావరకు పాడయ్యేది మొహమాటంవల్ల. పెద్దాయన పేరు పెట్టకపోతే ఏమనుకుంటారో, డేటా చూపించమంటే అనుమానించినట్టు ఉంటుందేమో, ఇదీ వరస. ఈ రంగంలో మోసగాళ్లు లేరనను. కానీ నీలాంటి పిల్లలు ఇరుక్కునేది ఎక్కువగా ఎవరికీ ‘కాదు’ అని చెప్పలేకే.

అందుకని ముందు పేర్ల సంగతి తేల్చుకో. ఒక్క వాక్యం కూడా రాయకముందే. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఒకటుంది, ఐసీఎంజేఈ అంటారు. ఆథర్ అనిపించుకోవాలంటే వాళ్లు పెట్టిన షరతులు నాలుగు. అధ్యయనాన్ని రూపొందించడంలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసుండాలి. పేపర్ రాయడంలోనో, బాగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పడానికి సిద్ధపడాలి. ఈ నాలుగూ కలిసి ఉండాలి, ఏ ఒక్కటో సరిపోదు. ఆ నాలుగోది 2013లో చేర్చారు. నన్నడిగితే దాన్నే మొదట పెట్టాల్సింది. డిపార్ట్‌మెంట్ హెడ్ అయినంత మాత్రాన, నిధులు తెచ్చినంత మాత్రాన, ల్యాబ్ వాడుకోనిచ్చినంత మాత్రాన ఎవరూ ఆథర్ అయిపోరు. అలాంటివాళ్లకి పేపర్ చివర కృతజ్ఞతలు చెబుతాం, అదీ వాళ్లని అడిగాకే.

ఇదంతా పెద్దాయన ముందు ఎలా అనగలను అంటావు. నిజమే, నిబంధన చదివి వినిపిస్తే కోపమొస్తుంది. ఒక పేజీ మీద గడులు గీసి, ఎడమవైపు పేర్లు, పైన పనులు రాయి. ‘సార్, ఎవరు ఏ పని చేశారో జర్నల్ వాళ్లు ఎలాగూ అడుగుతారు, మీ వరస మీరే నింపుతారా?’ అని ఆయన ముందు పెట్టు. తన వరసంతా ఖాళీగా ఉండటం చూసి కొందరు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. కొందరు ‘డిస్కషన్ భాగం నేను చూస్తాను’ అని నిజంగానే పని అందుకుంటారు. అలా అందుకుంటే కాదనకు, ఆయన అనుభవంతో పేపర్ బాగుపడుతుంది. ఇంకో మాట. లెక్కలన్నీ చేసిపెట్టిన స్టాటిస్టిక్స్ కుర్రాడి పేరు జారిపోకుండా చూడు. చెయ్యనివాళ్ల పేరు ఉండటం ఎంత తప్పో, చేసినవాళ్ల పేరు లేకపోవడమూ అంతే తప్పు.

ఇక డేటా. 2020 మే నెలలో లాన్సెట్ అనే పేరున్న వైద్య జర్నల్‌లో, మలేరియాకి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, దాదాపు 96,000 మంది కోవిడ్ రోగులు అన్నారు. ఆ మందు ఇచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువన్నారు. అది చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో, అంటే రోగుల మీద మందుల్ని పరీక్షించే అధ్యయనంలో, ఆ మందు భాగాన్ని కొన్నాళ్లు ఆపేసింది. ఆ డేటా అంతా సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీ ఇచ్చింది. బయటివాళ్లు అంకెలను ప్రశ్నించారు, స్వతంత్రంగా తనిఖీ చేస్తామంటే కంపెనీ పూర్తి డేటా ఇవ్వలేదు. కంపెనీ అధిపతి కూడా ఆథర్లలో ఒకరు. మిగతా ముగ్గురూ జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. అదే రోజు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లోనూ అదే కంపెనీ డేటాతో వచ్చిన మరో పేపర్ పోయింది. అంత పెద్ద జర్నళ్లు, అంత పేరున్న డాక్టర్లు. ‘ముడి డేటా ఒకసారి చూపించండి’ అని ముందే గట్టిగా పట్టుబట్టి ఉంటే ఆ పేపర్లు బయటికే వచ్చేవి కావు. నీ పేరు ఉన్న ఏ పేపర్‌కైనా డేటా షీటు నువ్వు తెరిచి చూడాలి. స్నేహితురాలు పంపిన షీటయినా సరే.

చూడటమంటే ఎలాగో చెబుతాను. ఒక పేపర్‌లో 37 మంది రోగుల్లో 52 శాతం మందికి నొప్పి తగ్గిందని ఉందనుకో. 37లో 19 మంది అంటే 51 శాతం, 20 మంది అంటే 54. మధ్యలో 52 ఎక్కడిది? తవ్వితే చాలాసార్లు తేలేదేమిటంటే, నలుగురు ఫాలోఅప్‌కి రాలేదు, మిగిలిన 33 మందిలో 17 మందికి తగ్గింది. అందులో దాచాల్సిందేమీ లేదు. ఆ నలుగురు ఏమయ్యారో ఒక వాక్యం రాస్తే సరిపోయేది. రాయకపోతే ఎడిటర్‌కి పేపర్ మొత్తం మీద అనుమానం మొదలవుతుంది. పంపేముందు క్యాల్‌క్యులేటర్ పట్టుకుని ప్రతి శాతాన్నీ ఇలా సరిచూసుకో.

నీది ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చకముందే అందరూ చూడగలిగే రిజిస్ట్రీలో రిజిస్టర్ చెయ్యాలి. 2005 నుంచి పెద్ద జర్నళ్లు ఈ పట్టుదల మీదే ఉన్నాయి. ఏది ప్రధాన ఫలితమో ముందే రాసుకుంటే, తర్వాత బాగా వచ్చిన అంకెను ముందుకు జరపాలన్న బుద్ధి పుట్టదు. అనుకున్న ఫలితం రాకపోతే రాలేదని రాయి, అదీ పనికొచ్చే పేపరే.

రోగుల విషయంలో మాత్రం చాదస్తంగానే ఉండు. వైద్యానికి ఇచ్చిన సంతకం ప్రచురణకి చెల్లదు, దానికి వేరే సమ్మతి కావాలి. ఫొటోలో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోతుందని ఇంకా అనుకునేవాళ్లున్నారు. సరిపోదు, తెలిసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. రాసింది ఆ రోగికే చూపించి ‘ఇది ఇలా అచ్చవుతుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు’ అని చెప్పి అడుగు. వద్దంటే ఆ కేసు ఎంత అరుదైనదైనా వదిలెయ్.

డబ్బు సంబంధాలు చెప్పడానికి సిగ్గుపడకు. ఐసీఎంజేఈ ఫారంలో గత 36 నెలలవి అడుగుతారు. కంపెనీ ఖర్చుతో వెళ్లిన కాన్ఫరెన్స్‌నీ అందులో రాయి. రాసినందుకు పేపర్ తిరగ్గొట్టరు, దాచావని తేలితే పరువు పోతుంది. 1998లో వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టర్, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకి ఆటిజంతో సంబంధం ఉందన్నట్టు 12 మంది పిల్లల మీద లాన్సెట్‌లో పేపర్ రాశారు. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ల దగ్గర తీసుకున్న డబ్బు సంగతి అందులో చెప్పలేదు. లాన్సెట్ దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకునేసరికి 2010 వచ్చింది. ఆలోపు ఎంతమంది తల్లిదండ్రులు టీకా అంటే భయపడ్డారో లెక్కలేదు.

మిగతావి నీకు తెలిసినవే. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకు. ‘డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్, మూడు రోజుల్లో అచ్చువేస్తాం’ అని వచ్చే మెయిళ్లు చదవకుండానే తీసెయ్. రివ్యూయర్ల (అచ్చుకు ముందు పేపర్‌ని పరిశీలించే నిపుణుల) పేర్లు సూచించమంటే నిజమైన మనుషులవి, వాళ్ల నిజమైన మెయిళ్లు ఇవ్వు. 2017లో ట్యూమర్ బయాలజీ అనే జర్నల్ నకిలీ రివ్యూల గొడవలో ఒకేసారి 107 పేపర్లు వెనక్కి తీసుకుంది. చాట్‌జీపీటీతో భాష దిద్దించుకుంటే ఆ సంగతి పేపర్‌లో చెప్పు. అది ఇచ్చిన రిఫరెన్సులు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూడు, కొన్ని అసలు ఉండనే ఉండవు. నీకు రివ్యూకి వచ్చిన ఇంకొకరి పేపర్‌ని అందులో అసలే పెట్టకు.

అచ్చయ్యాక తప్పు కనబడితే ఎడిటర్‌కి నువ్వే ముందు రాయి. ఎవరూ చూడలేదులే అని ఊరుకోకు. అలా తామే రాసినవాళ్లంటే మాకు ఎప్పుడూ గౌరవమే. సవరణ అచ్చు వేస్తాం, అంతటితో అయిపోతుంది.

డ్రాఫ్ట్ అయ్యాక నాకు పంపుతానన్నావు. తప్పకుండా చదువుతాను, కానీ మిగతా ఆథర్లందరూ సరేనన్నాకే పంపు. రోగుల షీటు మాత్రం పంపొద్దు. నేను మీ అధ్యయనంలో లేను, అది చూసే హక్కు నాకు లేదు.

ప్రేమతో,
పెదనాన్న