వేసవి సెలవుల్లో పదో తరగతి క్లాసులకు పంపాలా?

మీ బాబు తొమ్మిది పూర్తిచేశాడు, మే నెలంతా పదో తరగతి పాఠాలు చెప్తాం, రాకపోతే వెనకబడతాడు అని స్కూలు వాళ్లు అంటున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు. నేనైతే పంపను. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్లు లెక్కలు చెప్పాను. మూడు వేసవులూ ఈ క్లాసులు తీసుకున్నదాన్నే.

యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో రండి అని పిల్లలకి ముందే చెప్పేవాళ్లం. ప్రభుత్వం సెలవులిచ్చాక (2025లో తెలంగాణలో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు) బడి నడపకూడదు కదా. డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే ట్యూషన్ అని చెప్పుకోవచ్చన్నమాట. సైకిళ్లు వెనక సందులో, ముందు గేటుకి తాళం. ‘టీచర్, మనం దొంగచాటుగా చదువుకుంటున్నామా?’ అని ఒకమ్మాయి అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వేశాను. ఏం చెప్పను మరి.

మా గది పై అంతస్తులో, రేకుల కింద. పదిన్నర దాటితే ఫ్యాను వేడిగాలి తప్ప ఏమీ ఇచ్చేది కాదు. ముందు బెంచీలో ఒకబ్బాయి పెన్ను పట్టుకునే నిద్రపోయేవాడు. నోట్‌బుక్‌లో లెక్క సగం దాకా బాగానే ఉండేది, అక్కణ్నుంచి పేజీ చివరిదాకా ఒకటే గీత. వాణ్ని లేపబుద్ధయ్యేది కాదు.

అసలు సంగతి జూన్‌లో తెలిసేది. మేలో రియల్ నంబర్స్, సెట్స్ చాప్టర్లు అయిపోగొట్టేదాన్ని. కానీ క్లాసులో మూడో వంతు పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకి పోయి ఉండేవాళ్లు. బడి తెరిచాక వాళ్లకోసం రియల్ నంబర్స్ మళ్లీ మొదటినుంచి. మేలో విన్నవాళ్లకైనా గుర్తుందా అంటే, అదీ అంతంతమాత్రమే. పోనీ సిలబస్‌కి టైము చాలదా అంటే, డిసెంబరుకల్లా పూర్తిచేసి జనవరి నుంచి రివిజన్లూ స్లిప్ టెస్టులే పెట్టేవాళ్లం.

మరి ఎందుకు పెట్టేవారు? నాకు అర్థమైనంతవరకు, పిల్లలు వేరే స్కూలుకి జారిపోకుండా, మొదటి టర్మ్ ఫీజు ముందే చేతికొచ్చేలా. సాయంత్రాలు మమ్మల్ని కరపత్రాలు ఇచ్చి అడ్మిషన్లకి ఇంటింటికీ తిప్పేవాళ్లు. ఏడాదికి జీతం మాత్రం పది నెలలదే. ఇది మీ ప్రశ్నలో లేదు, కడుపుమండి చెప్తున్నా.

ఒక్కళ్ల విషయంలో మాత్రం నా మాట వేరు. పదిలో లెక్కలు పోయి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసే పిల్లలకి వేసవిలో చెప్పాల్సిందే. ఒక ఏడాది నలుగురికి మా ఇంటి వరండాలో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా చెప్పాను. ముగ్గురు గట్టెక్కారు. అవసరం వాళ్లదే కాబట్టి ఒక్కరూ నిద్రపోలేదు.

పంపక తప్పదనుకుంటే రెండు విషయాలు అడగండి. ఎన్నింటికి వదులుతారు? తొమ్మిదిన్నర దాటుతుందంటే ఒప్పుకోకండి. రెండోది, ఇప్పుడు చెప్పిన చాప్టర్లు జూన్‌లో మళ్లీ చెప్తారా? చెప్తామంటే మేలో రావడమెందుకు, చెప్పం అంటే ఊరెళ్లిన పిల్లల సంగతేంటి? స్కూలు నడిపే మా కరస్పాండెంట్‌ని ఒక తండ్రి ఇదే అడిగితే, ఆయన ఫ్యాను స్పీడు పెంచమని అటెండర్‌ని కేకేశారు.