మిద్దె ఎక్కే ముందు

బుజ్జమ్మకి మామయ్య దీవెనలు.

నువ్వు సోలార్ ప్యానెళ్లు బిగించడం నేర్పే సూర్యమిత్ర ట్రైనింగ్‌లో చేరుతున్నావని రాత్రి అక్క ఫోన్ చేసింది. సంబరపడ్డాను, నిద్ర మాత్రం పట్టలేదు. మీ తాత ఉండుంటే వీధంతా తిరిగి చెప్పుకునేవాడు.

పని దొరుకుతుందా అని అక్క బెంగ. 2024లో సూర్యఘర్ పథకం పెట్టి కోటి ఇళ్లకి ప్యానెళ్లన్నారు. మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ. ఆ మిద్దెలన్నీ ఎవరో ఒకరు ఎక్కాలి కదా. నేను 60 వాట్ల బల్బులు మార్చిన కాలం వాణ్ణి. 9 వాట్ల ఎల్ఈడీ వచ్చాక మాటిమాటికీ బల్బులు మాడడం పోయింది, నా పనీ తగ్గింది. ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కట్టేటప్పుడు కేబుళ్లు లాగే పనికి పోయి ఈ సోలార్ పని నేర్చుకున్నాను.

600 గంటల క్లాసుల్లో ఒక్కటీ ఎగ్గొట్టకు. బెల్టు కట్టుకోకుండా అంచుకి పోకు. ప్యానెల్ మీద కాలు పెట్టకు.

ఇక ఇది నిదానంగా చదువు. ఒక ఇంటి మీద ప్యానెళ్ల వైరు మార్చాల్సొచ్చింది. మే నెల, మిట్టమధ్యాహ్నం. నా దగ్గర హెల్పరు పిల్లాడు, నీ ఈడువాడే. కింద మెయిన్ ఆపాను, ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ ఆగింది. టెస్టర్ పెడితే వెలగలేదు. "కట్ చెయ్యిరా" అన్నాను. వాడు రెండు వైర్లూ కలిపి ఒకేసారి కటింగ్ ప్లేయర్‌తో నొక్కాడు. భగ్గున మంట లేచింది. వాడి కుడిచేతి రెండు వేళ్లు ఈ రోజుకీ పూర్తిగా ముడుచుకోవు. పెళ్లిళ్లలో కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తాడు, నేనే తలెత్తి చూడలేను. తప్పు వాడిది కాదమ్మా, నాది.

పాతికేళ్ల ఇంటి వైరింగ్ అలవాటు నన్ను ముంచింది. మెయిన్ ఆపితే కరెంటు పోయినట్టే అనుకున్నాను. ఎండకి మెయిన్ ఏది? పది ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటే 400 వోల్టులు దాటుతుంది. ప్యానెళ్ల లైను తెంపే స్విచ్, ఐసోలేటర్, ఆపినా, ప్యానెళ్ల నుంచి అక్కడిదాకా వైరులో వోల్టేజ్ ఉంటూనే ఉంటుంది. ఇంటి కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి మెరుపు ఆరిపోతుంది. ప్యానెళ్లది డీసీ, ఒకే వైపు పారే కరెంటు, అది సున్నాకి రాదు, మంట పట్టుకునే ఉంటుంది. ఆ లైనుకి ఎర్త్‌తో సంబంధం లేదు, అందుకే టెస్టర్ వెలగలేదు. నువ్వు మీటరు డీసీలో పెట్టి చూడు. ముందు ఐసోలేటర్ ఆపు, వైరు చుట్టూ పట్టి కొలిచే డీసీ క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అయిందో లేదో చూసుకో, ఆ తర్వాతే కనెక్టర్ లాగు. రెండు వైర్లు ఎప్పుడూ కలిపి కొయ్యకు.

చిన్నప్పుడు తడిచేత్తో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకినందుకు నీ వీపు మీద ఒకటిచ్చాను. ఆ రోజు నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాను, అక్కకి తెలుసు.

నా డీసీ మీటరు నీకే, ఆదివారం వచ్చి పట్టుకుపో. గ్లౌజులు నావి నీకు వదులవుతాయి. వదులుగా ఉంటే వైరు పట్టు దొరకదు. అరచేయి కాగితం మీద పెట్టి గీసి పంపు, కర్నూలు పోయినప్పుడు నీ సైజువి తెస్తాను.

మీ మామయ్య