లివర్ మార్పిడి జరిగిన ఏళ్లకు ‘కారణం తెలియని హెపటైటిస్’ అంటే వదిలేయొచ్చా?

మీ నాన్నగారికి మార్పిడి జరిగి ఆరేళ్లయింది, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 140 దగ్గరే ఉంటోంది, బయాప్సీ రిపోర్టులో ‘కారణం తెలియని హెపటైటిస్’ అని రాశారు, మందులేమైనా మార్చాలా అని అడిగారు. వదిలేయకండి. అది రోగం పేరు కాదు. కారణాలన్నీ వెతికి ఒక్కటీ దొరకనప్పుడు రాసే మాట. నిజంగా అన్నీ వెతికారా లేదా అన్నదే అసలు విషయం.

ముందు టాక్రోలిమస్ లెవెల్, అంటే కొత్త లివర్‌పై శరీరం దాడి చేయకుండా ఆపే ఈ మందు రక్తంలో ఎంత ఉందో చూడాలి. రోజుకు రెండుసార్లు వేసుకునే రకమైతే, రాత్రి 8కి వేసుకున్నాక పొద్దున 8కి రక్తం ఇచ్చి, ఆ తర్వాతే క్యాప్సూల్ మింగాలి. ముందే మింగి వెళ్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే, లోపల రిజెక్షన్ (కొత్త లివర్‌పై శరీరం చేసే దాడి) నడుస్తుంటే ముదురుతుంది. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ వాడినా లెవెల్ బాగా పడిపోతుంది.

తర్వాత వైరస్‌లు: హెపటైటిస్ బీ, సీ, ఈ, సీఎంవీ, ఈబీవీ. ఎక్కువగా జారిపోయేది హెపటైటిస్ ఈ. ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లకు వైరస్ ఉన్నా యాంటీబాడీ నెగటివ్ రావచ్చు, అందుకే వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్ టెస్టు చేయమని అడగండి. ఇక్కడ ఊహతో వైద్యం చేయడం ప్రమాదం: హెపటైటిస్ ఈ వైరస్ తిష్ట వేస్తే టాక్రోలిమస్ తగ్గించి చూస్తారు, రిజెక్షన్ అయితే పెంచుతారు. రెండూ పూర్తిగా ఎదురు దారులు.

రక్తనాళాలకు డాప్లర్ స్కాన్, పిత్తనాళాలకు ఎంఆర్‌సీపీ స్కాన్ కూడా అయి ఉండాలి. ఇంట్లో తిప్పతీగ కషాయం తాగుతున్నారేమో దాచకుండా చెప్పండి. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (సొంత ఇమ్యూనిటీయే లివర్‌పై దాడి చేయడం) లాంటి జబ్బు తిప్పతీగతో వచ్చిన కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు.

ఇక బయాప్సీ రిపోర్టు తీసి, ‘ప్లాస్మా సెల్స్’ (యాంటీబాడీలు తయారుచేసే కణాలు) అన్న మాట, ‘ఇంటర్‌ఫేస్ హెపటైటిస్’ (లివర్ కణాల అంచుల్లో వాపు) అన్న మాట ఉన్నాయేమో వెతకండి. ఉంటే ఏఎన్ఏ, ఎస్ఎంఏ, ఐజీజీ అనే యాంటీబాడీ రక్తపరీక్షలు చేయించాలి. లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్ వైద్యులు 1998లో మార్పిడి జరిగిన పిల్లల్లో ఇలాంటి వాపును కొత్తగా మొదలైన ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌గా వర్ణించారు. 2016లో బాన్ఫ్ నిపుణులు (మార్పిడి బయాప్సీలను ఎలా వర్గీకరించాలో చెప్పే బృందం) దీన్ని ప్లాస్మా సెల్స్ ఎక్కువగా ఉండే రిజెక్షన్ అన్నారు. పేరేదైనా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, దానికి తోడు ఇమ్యూనిటీ తగ్గించే అజాథయోప్రిన్ లేదా మైకోఫినోలేట్ ఇస్తారు. గౌట్‌కి అల్లోప్యూరినాల్ వాడుతుంటే అజాథయోప్రిన్ మొదలుపెట్టకముందే చెప్పాలి. రెండూ కలిస్తే తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

రిపోర్టులో ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చ కట్టడం) స్టేజ్ లేకపోతే అడిగి రాయించుకోండి. ఎస్‌జీపీటీ దాదాపు నార్మల్‌గా ఉన్నవాళ్లలోనూ ఈ వాపు ఏళ్ల తరబడి సాగి మచ్చ కట్టగలదు. బయాప్సీకి తీసిన లివర్ ముక్క 2 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే స్టేజ్ తక్కువగా కనిపించవచ్చు. అనుమానం ఉంటే ల్యాబ్ నుంచి స్లయిడ్లు, బ్లాకులు (ఆ ముక్కను దాచిన మైనపు దిమ్మెలు) తీసుకుని, మార్పిడి బయాప్సీలు రోజూ చూసే పాథాలజిస్టుకు చూపించండి. మందు డోసు మాత్రం మీ అంతట మీరు ఒక్క మిల్లీగ్రామూ మార్చొద్దు.