వెనక వరుసలో కూర్చున్నవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి జీవితం గురించి, అక్కడ జరిగే బహిరంగ ఉపన్యాసాల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఉపన్యాసాల చుట్టూనే తిరిగాయి. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొంది విద్యానగర్‌లో ఉంటున్నాను. పత్రికలో ‘నగరంలో నేడు’ కింద ఉస్మానియాలో స్మారకోపన్యాసం, ఎండోమెంట్ ఉపన్యాసం, విస్తరణోపన్యాసం అని కనిపిస్తుంటాయి. వీటి మధ్య తేడా ఏమిటి? అక్కడ చదవని నాలాంటివాళ్లు వెళితే ఆపుతారా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: పత్రికలో ప్రకటించారంటేనే రమ్మని అర్థం. ‘ఆహ్వానితులకు మాత్రమే’ అని రాసి ఉంటే తప్ప సంకోచించనక్కరలేదు. మహా అయితే తలుపు దగ్గర ఒక రిజిస్టరులో పేరు, ఫోను నంబరు రాయమంటారు.

ఇక పేర్ల సంగతి. ఒక ఆచార్యుడు గతించిన తరువాత ఆయన శిష్యులో, కుటుంబమో, పనిచేసిన శాఖవారో ఆయన జ్ఞాపకార్థం ఏర్పాటు చేసేది స్మారకోపన్యాసం. ఉస్మానియాకు ఉపకులపతిగా పనిచేసి, 1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ, 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయిన ఆచార్య జి. రాంరెడ్డి పేరు మీద జరిగేవి ఈ కోవలోవి. ఎండోమెంట్ అంటే దాత కొంత సొమ్ము జమచేసి, అసలు కదల్చకుండా వడ్డీతో ఏటా ఒక ఉపన్యాసం జరిపించమని కోరడం. మీరు బ్యాంకులో పనిచేసినవారు కనుక విడమరచి చెప్పనక్కరలేదు. ఎప్పుడో జమచేసిన సొమ్ము మీద ఇప్పుడొచ్చే వడ్డీ, వక్త రైలు ఛార్జీలకు కూడా చాలని సందర్భాలున్నాయి. విస్తరణోపన్యాసం అన్నిటికన్నా సాదాసీదాది: మరో విశ్వవిద్యాలయం నుంచి పని మీద వచ్చిన అధ్యాపకుణ్ణి పట్టుకుని, ఒక శాఖవారు తమ విద్యార్థుల కోసం గంటసేపు మాట్లాడించడం.

పెద్ద సభలు ఠాగూర్ ఆడిటోరియంలో జరుగుతాయి. నా మటుకు నాకు చిన్నవే ఇష్టం. యాభై కుర్చీలున్న సెమినార్ హాలులో వక్త ముఖం కనిపిస్తుంది, మైకు లేకపోయినా మాట వినిపిస్తుంది, అడిగిన ప్రశ్నకు తప్పించుకోవడం ఆయనకు కష్టమవుతుంది. సాంఘిక శాస్త్రాల మీద ఆసక్తి ఉంటే, ప్రాంగణంలోనే ఉన్న ఐసీఎస్ఎస్ఆర్ (భారత సాంఘిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రంవారి కార్యక్రమాలను కూడా చూస్తూ ఉండండి. మీకు ప్రయాణం ఇబ్బంది లేదు. విద్యానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే జామియా ఉస్మానియా దాటగానే ఆర్ట్స్ కాలేజీ స్టేషను వస్తుంది. రైలు వేళకు వస్తుందన్న పూచీ మాత్రం నేను ఇవ్వలేను.

ఒక్క హెచ్చరిక. మన దగ్గర ఉపన్యాసం కన్నా దాని ముందు జరిగే తంతు పొడుగు. జ్యోతి ప్రజ్వలన, అతిథులను వేదిక మీదికి పిలవడం, పుష్పగుచ్ఛాలు, స్వాగత వచనాలు, వక్త పరిచయం, అధ్యక్షుల తొలిపలుకులు అయ్యేసరికి ముప్పావు గంట గడుస్తుంది. ఒకసారి నేను వెళ్లిన సభలో, విషయం మీద ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి పన్నెండు నిమిషాలు మిగిలాయి. ఆ పన్నెండు నిమిషాలలోనూ రెండుసార్లు చీటీ అందించారు. ఆయన చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, నవ్వి, మధ్యలోనే ముగించారు. శాలువా కప్పడానికి మాత్రం ఎవరూ తొందరపడలేదు.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. ఉపన్యాసాలన్నీ ఇంగ్లీషులోనే. సగం అర్థం కాదు. ప్రశ్న ఉన్నా లేచి అడగాలంటే గొంతు పెగలదు. స్నేహితులతో కలిసి వెనక వరుసలో కూర్చుని టీ ఇచ్చే వేళకు బయటికి వచ్చేస్తున్నాను. వెళ్లడం మానేయాలా?
– ఒక విద్యార్థి

జవాబు: మానకండి. మీరు కూర్చున్న చోటికి ఉన్న చరిత్ర తెలిస్తే ఆ బెరుకులో కొంతైనా తగ్గుతుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో 1918లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం, ఉన్నత విద్యను ఒక భారతీయ భాషలో చెప్పవచ్చునని నిరూపించడానికే పుట్టింది. ఆ భాష ఉర్దూ. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచి, మిగిలినవన్నీ, చివరికి వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలోనే బోధించారు. అందుకోసం ముందుగానే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పి, పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క శాస్త్ర పదానికి ఉర్దూ మాట ఏదన్న చర్చ నడిపారు. 1939లో తలుపులు తెరిచిన గులాబీ రాతి ఆర్ట్స్ కాలేజీ భవనంలో మొదట వినిపించిన పాఠాలు ఇంగ్లీషువి కావు. ఇంగ్లీషు బోధన భాషగా వచ్చింది 1948 తరువాతే. ఉర్దూ ఇంటి భాష కాని తెలుగు పిల్లలు ఆ రోజుల్లో అక్కడ పడిన అవస్థ వేరే కథ. మీ అవస్థకు అది దూరపు చుట్టమే.

తెలుగు సంగతి మరీ ఆసక్తికరం. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ప్రాంగణంలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. వక్తలు ఎవరి భాషలో వారు మాట్లాడుతున్నారు. అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి సభలో కొందరు గోల చేసి, గేలి చేశారు. నొచ్చుకున్న తెలుగువాళ్లు బయటికి వచ్చి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. కనుక ఈ నగరంలో సభలో లేచి తెలుగులో మాట్లాడడమన్నది చిన్న విషయం కాదు, కొత్త విషయమూ కాదు. వక్తకు తెలుగు వస్తే తెలుగులోనే అడగండి. రాకపోతే అధ్యక్షుణ్ణి ఉద్దేశించి, “సార్, నా ప్రశ్న తెలుగులో చెబుతాను, దయచేసి అనువదించండి” అనండి. ఆ వేదిక మీద ఎవరో ఒకరికి తెలుగు రాకుండా ఉండదు. ఎవరైనా మొహం చిట్లిస్తే అది వారి సమస్య.

ఇక అర్థం కావడం. ఉపన్యాసం అర్థం కాకపోవడానికి చాలాసార్లు కారణం భాష కాదు, పరిభాష. డిగ్రీలో మీరు ‘భూస్వామ్య వ్యవస్థ’ గురించి పది పేజీలు రాసి ఉంటారు. వక్త ‘ఫ్యూడలిజం’ అనగానే అది వేరే వస్తువేదో అనిపిస్తుంది. 1968లో ఏర్పడి, డిగ్రీ స్థాయి తెలుగు పాఠ్యగ్రంథాలు వేసిన తెలుగు అకాడమీ పుస్తకాలలో ఈ రెండు మాటలూ పక్కపక్కన దొరుకుతాయి. పుస్తకాల చివర ఉండే పారిభాషిక పదాల పట్టికను విద్యార్థులు ఎందుకో చూడరు. ఉపన్యాసం శీర్షిక తెలిసిన రోజు రాత్రి ఆ అంశం మీద తెలుగులో ఐదారు పేజీలు చదువుకుని వెళ్లండి. నోటుపుస్తకంలో పేజీకి ఎడమవైపు మూడు వేళ్ల వెడల్పు వదిలి గీత కొట్టండి. తెలియని మాట వినబడితే, స్పెల్లింగు కోసం తడుముకోకుండా, చెవికి ఎలా వినిపించిందో అలాగే తెలుగు అక్షరాలలో ఆ గీతకు ఎడమన రాయండి: ‘అగ్రేరియన్’, ‘టెన్యూర్’, ‘సర్‌ప్లస్’. కుడివైపు విషయం సాగుతూనే ఉంటుంది. హాస్టలుకు వచ్చాక ఎడమవైపు మాటలకు అర్థం నింపండి. మొదటి ఉపన్యాసానికి ముప్పై మాటలు వస్తాయి. ఒకే శాఖలో వినే ఉపన్యాసాలలో అవే మాటలు తిరుగుతుంటాయి కాబట్టి, ఐదారు ఉపన్యాసాలయ్యేసరికి ఎడమ పక్క ఖాళీ పెరుగుతుంది.

మరొక మాట. మీ సబ్జెక్టులో మీకు తెలిసి వక్తకు తెలియనిది తప్పకుండా ఉంటుంది. తెలంగాణ చరిత్ర మీద మాట్లాడేవారు ఎంత పెద్ద పండితులైనా, ‘వెట్టి’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు వదిలి ‘వెట్టి’ అనే అంటారు. ఆయనకు ఆ మాట దస్తావేజులలో దొరికింది. మీ ఊరి ముసలివాళ్ల నోట మీరు విని ఉండవచ్చు. ఏ కులం వారు ఏ పని వెట్టిగా చేశారు, దొర గడీకి కట్టెలు ఎవరు మోశారు, మీ ఇంట్లో ఏం చెప్పుకునేవారు అన్నది నాలుగు వాక్యాలలో చెప్పి, ‘ఇది మీరు చూసిన పత్రాలతో సరిపోతుందా సార్?’ అని అడిగి చూడండి. వక్త కలం తీసి రాసుకుంటే ఆశ్చర్యపోకండి. ప్రశ్నను కాగితం మీద ముందే రాసుకోండి, చదివి వినిపించినా తప్పు లేదు. ముందుగా వెనక వరుస వదిలి నాలుగో వరుసలోకి రండి. మొదటి వరుస ఎలాగూ శాలువాల వాళ్లకు కేటాయించి ఉంటుంది.

ప్రశ్న: మహిళా హాస్టలులో ఉంటాను. సాయంత్రం ఐదున్నరకు మొదలయ్యే ఉపన్యాసం ముగిసేసరికి గేటు వేళ అయిపోతుంది. ఒకసారి ఆలస్యమైతే ఇంటికి ఫోను చేసి చెప్పారు. మగపిల్లలకు ఈ తంటా లేదు. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ కోపం న్యాయమైనది. చర్చ వేడెక్కే సమయానికి అమ్మాయిలు ఒక్కొక్కరే సంచి సర్దుకుని లేవడం నేను చాలాసార్లు చూశాను. ఆఖరి ప్రశ్నలన్నీ మగ గొంతులే అడగడానికి అదొక కారణం. వెంటనే చేయగలిగింది ఒకటుంది. ఒక్కరు అనుమతి అడిగితే వార్డెను కాదనడం తేలిక. పది మంది పేర్లతో, ఆహ్వానపత్రం ప్రతి జతచేసి, నిర్వహించే శాఖాధిపతి సంతకంతో రెండు రోజుల ముందే అర్జీ ఇస్తే కాదనడం కష్టం. కలిసి వెళ్లి కలిసి తిరిగి రండి, చెట్ల కింద దీపాలు సరిగా లేని దారులు ప్రాంగణంలో ఉన్నాయి. అసలు మార్పు మాత్రం నిర్వాహకుల చేతిలో ఉంది. అదే ఉపన్యాసాన్ని మధ్యాహ్నం రెండున్నరకు పెడితే ఎవరి గేటూ అడ్డురాదు. ఈ సంగతి మీ శాఖలో నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతూ సభలనీ సెమినార్లనీ తిరుగుతున్నాడు. హాస్టలు గదిలో ఒక స్నేహితుణ్ణి నాన్-బోర్డర్‌గా పెట్టుకున్నాడట, ఇద్దరూ మెస్సులో ఒకే ప్లేటు పంచుకుంటున్నారట. గ్రూప్స్‌కు చదువుకోరా అంటే వినడు. వాణ్ణి దారిలో పెట్టే ఉపాయం చెప్పండి.
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: అయ్యా, నాన్-బోర్డర్ సంగతికి కంగారుపడకండి. హాస్టలు సీటు దొరకని స్నేహితుడికి గదిలో చాప పరిచే అలవాటు ఉస్మానియాలో తరతరాలుగా ఉంది. నిబంధనలు ఒప్పుకోవు, స్నేహం ఒప్పుకుంటుంది. ఈనాడు పదవులలో ఉన్నవారిలో ఎందరో ఆ చాప మీద పడుకున్నవారే.

సభల విషయంలో మీ భయం వెనక మరొకటి ఉన్నదని అనుకుంటున్నాను. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరిస్తే, చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసుకోవలసి వచ్చింది, వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోకి దిగిన విద్యార్థులెందరికో చదువు దెబ్బతిన్నది. ఆ తరం తండ్రులకు ‘సభ’ అన్న మాట వింటేనే గుండె దడ. అయితే అర్థశాస్త్ర విద్యార్థి బడ్జెట్ మీద ఉపన్యాసం వినడాన్ని దానితో కలపకండి. గ్రూప్స్ పరీక్షలోనూ అర్థశాస్త్రం ఉంది. సొంతంగా వ్యాసం రాయవలసి వచ్చినచోట, గైడు బట్టీపట్టిన అభ్యర్థికీ, ద్రవ్యలోటు మీద ఇద్దరు పండితులు వాదించుకోవడం విన్న అభ్యర్థికీ తేడా మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

మీరు అడగవలసింది ఒక్కటే: హాజరు ఎంత? డెబ్బై ఐదు శాతం తగ్గితే పరీక్షకు ఇబ్బంది, ఫీజు రీయింబర్స్‌మెంటుకూ ఇబ్బంది. అది సరిగ్గా ఉంటే, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు అతను చివరిగా విన్న ఉపన్యాసం ఏమిటో చెప్పమనండి. అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే తిరగనివ్వండి. నీళ్లు నమిలితే అప్పుడు మందలించవచ్చు.

ప్రశ్న: ఉపన్యాసాన్ని ఫోనులో రికార్డు చేసుకుంటే నోట్సు రాసే పని తప్పుతుంది కదా?
– మరొక విద్యార్థి

జవాబు: వక్తను అడిగి చేసుకోండి, అచ్చుకాని పరిశోధన గురించి చెప్పేటప్పుడు కొందరు వద్దంటారు. అనుమతి ఇచ్చినా రాయడం మానవద్దు. రికార్డు చేశామన్న ధీమాతో హాలులో కూడా వినరు, తరువాతా వినరు. నా ఫోనులో నాలుగేళ్ల కిందటి గంటన్నర ఉపన్యాసం ఒకటి ఇప్పటికీ అలాగే ఉంది. అదే రోజు ఆహ్వానపత్రం వెనక రాసుకున్న ఏడు వాక్యాలను మాత్రం ఈ నెలలోనే ఒక వ్యాసంలో వాడుకున్నాను.