బేగల్‌లో పెట్టే ఆ చేప పచ్చిదా?

సందేహం: న్యూజెర్సీకి వచ్చి రెండు నెలలైంది. ఆఫీసులో శుక్రవారం బేగల్స్ (గారెలా నడుమ చిల్లున్న రొట్టెలు) పెడతారు. మధ్యలో నారింజ రంగు చేప పొరలు ఉంటాయి. అది పచ్చిదా? తినొచ్చా?

వండినది కాదు, అలాగని ఉత్త పచ్చిదీ కాదు. మాగాయ ముక్కను మనం ఉడికించం కదా, ఉప్పులో ఊరి అదే మెత్తబడుతుంది. ఇదీ అలాంటిదే.

అది సాల్మన్ చేప. అందరూ దాన్ని ‘లాక్స్’ అంటారు. యూదుల భాష యిడ్డిష్‌లో సాల్మన్‌కి ఆ పేరు. చిక్కంతా ఆ మాటతోనే. పాతకాలపు అసలు లాక్స్‌కి పొగ పెట్టరు, గాఢమైన ఉప్పునీళ్లలో ఊరబెడతారంతే. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పసిఫిక్ తీరం నుంచి పీపాల్లో, రైళ్లలో న్యూయార్క్ దాకా వచ్చిన చేప మరి, అంత ఉప్పు లేకపోతే నిలవ ఉండదు. దాన్ని ఇప్పటికీ కొన్ని పాత షాపుల్లో ‘బెల్లీ లాక్స్’ పేరుతో అమ్ముతారు. వచ్చిన కొత్తలో తెలియక అదే తీసుకున్నాను. ఉప్పుచేప తిని పెరిగినవాణ్ణే, రెండో ముక్క మింగలేకపోయాను. మనం ఉప్పుచేపను కడిగి పులుసు పెట్టుకుంటాం గానీ ఉత్తగా నమలం కదా!

మీ ఆఫీసులో పెట్టేది దాదాపుగా ‘నోవా’ అయ్యుంటుంది. తక్కువ ఉప్పులో ఊరబెట్టి, తర్వాత సెగ తగలకుండా చల్లటి పొగ పెడతారు. వేడి 30 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. అందుకే ముక్క ఉడకదు, పట్టులా జారుతుంది. పేరు కెనడాలోని నోవా స్కోషియా నుంచి వచ్చింది గానీ చేప అక్కడిదే కానక్కర్లేదు. షాపులో ‘లాక్స్’ అనకుండా ‘నోవా’ అని అడగండి, పొరపాటు జరగదు.

గ్రావ్‌లాక్స్ స్కాండినేవియా వాళ్లది. ఉప్పు, చక్కెర, డిల్ ఆకు పట్టిస్తారు, మామూలుగా పొగ ఉండదు. ఒకప్పుడు గోతిలో పాతిపెట్టేవారట, పేరులోని ‘గ్రావ్’ అదే. నాకు తీపి చేప నచ్చదు. ‘హాట్ స్మోక్డ్’ (వేడి పొగ పెట్టినది) మాత్రం పూర్తిగా ఉడికినదే, పొరలుగా విడిపోతుంది. పచ్చివాసన పడనివాళ్లు దానితో మొదలుపెట్టండి.

ఇంట్లో గర్భిణి ఉంటే చల్లటి పొగ పెట్టినదైనా, గ్రావ్‌లాక్స్ అయినా అలాగే పెట్టొద్దు, లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం ఉంది. 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి పెడితే పర్లేదు. బీపీ ఉన్న అమ్మానాన్నలు వచ్చినప్పుడూ కాస్త చూసుకోండి.

కొనేటప్పుడు పావు పౌండు చాలు, రెండు మూడు బేగల్స్‌కి సరిపోతుంది. ఆఫీసులో అయితే క్రీమ్ చీజ్, ఎర్ర ఉల్లిపాయ వాళ్లే పెడతారు. పచ్చిమిర్చి మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్లండి.