ఏదీ తేల్చుకోని అబ్బాయి

చెన్నై అంబత్తూరులో స్థిరపడిన నెల్లూరు జిల్లా తండ్రి ఒకరు ఇలా రాశారు: “మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ఈసీఈ చదువుతున్నాడు. ఒక నెల వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన) అంటాడు, మరో నెల డేటా సైన్స్ అంటాడు, ఈమధ్య సివిల్స్ రాస్తానంటున్నాడు. ఏదో ఒకటి తేల్చుకోమంటే మాట్లాడడు. వీటిలో అతనికి ఏది సరిపోతుందో మీరే చెప్పండి.”

మీ బెంగ సహజమే. అయితే ఆ మూడింటిలో ఒకదానిని నేను ఎంచి చెబితే అది జాతకం చెప్పినట్లే అవుతుంది. మీ అబ్బాయి నిలకడ లేనివాడని నాకు అనిపించడం లేదు; అతడు మూడింటి గురించీ విన్నాడే తప్ప ఒక్కదానిలోనూ చేయి పెట్టి చూసినట్లు లేదు. క్యాంపస్ నియామకాలు సాధారణంగా ఏడో సెమిస్టర్‌లో మొదలవుతాయి కనుక, ఏదీ తేలకుండా ఉండడానికి అతనికి ఇంకా వ్యవధి ఉంది. ఆ వ్యవధిని వాదనలకు కాక చిన్న చిన్న ప్రయోగాలకు ఖర్చు పెట్టనివ్వండి.

మొదటి ప్రయోగం అతని సొంత బ్రాంచితోనే చేయించండి. చెన్నైలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరికే రిచీ వీధిలో వెయ్యి రూపాయల లోపు ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, నీటి మట్టం కొలిచే సెన్సర్, బజర్, కొన్ని తీగలు కొని, మీ ఇంటి మేడమీది ట్యాంకు నిండగానే మోగే అలారం తయారు చేయమనండి. తేమ తగిలి సెన్సర్ తప్పుడు లెక్కలు చూపితే, మల్టీమీటర్ పట్టుకుని రాత్రి పదింటి దాకా మేడమీదే కూర్చున్నాడా? అయితే హార్డ్‌వేర్ అతన్ని పట్టుకుందన్నమాట. తీగలను ఎలాగో కలిపేసి, ట్యాంకు రోజూ ఏ గంటకు ఖాళీ అవుతోందో నమోదు చేసి గ్రాఫు గీయడంలో మునిగిపోయాడా? అది డేటా వైపు మొగ్గు. ఈ రెండింటినీ పక్కన పెట్టి, మోటారు ఎవరు వేయాలి, పొంగిపోయిన నీటికి జవాబుదారీ ఎవరు అని ఇరుగుపొరుగుతో మాట్లాడి ఒక పద్ధతి రాయబోయాడా? అప్పుడు సివిల్స్ ఆలోచనను ఉబుసుపోక కబురుగా కొట్టిపారేయకండి. ఒక్క అలారంతో భవిష్యత్తు తేలిపోతుందని నేను అనడం లేదు, కానీ మరో నెల ఆలోచించడం కన్నా ఇది ఎక్కువే చెబుతుంది.

వీఎల్‌ఎస్‌ఐ మీద ఆసక్తి మిగిలితే, చిప్ డిజైన్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే, ఉచితంగా దొరికే ఐకారస్ వెరిలాగ్ సాఫ్ట్‌వేర్‌లో ట్రాఫిక్ సిగ్నల్ కంట్రోలర్ ఒకటి రాసి, వేవ్‌ఫారంలో (సిగ్నళ్ల మార్పులు చూపే గ్రాఫులో) తప్పు ఎక్కడుందో వెతకమనండి. ఆ రంగంలో డిజైన్‌లోని తప్పులు పట్టే వెరిఫికేషన్ ఉద్యోగులు చేసే పనికి అది దగ్గరి నమూనా. డేటా సైన్స్‌కు ఎన్‌పీటీఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ వేదిక) పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే రుసుము. ఐఐటీ మద్రాసు డేటా సైన్స్ బీఎస్ కోర్సులో చేరడానికి జేఈఈ ర్యాంకు లేనివారు నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ (అర్హత పరీక్ష) రాసే దారి ఉంది, అది కూడా ఒక ప్రయోగంగా పనికొస్తుంది. సివిల్స్ విషయంలో కోచింగ్‌కు డబ్బు కట్టే ముందు, యూపీఎస్సీ వెబ్‌సైట్‌లోని పాత ఎస్సే పేపరు తీసి, మూడు గంటల్లో రెండు వ్యాసాలు చేత్తో రాయమనండి. ఎలా రాశాడన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. మరుసటి ఆదివారం ఎవరూ చెప్పకుండానే రెండో పేపరు తీశాడా లేదా అన్నది గమనించండి.

భోజనాల దగ్గర “ఏం తేల్చుకున్నావు?” అని మాత్రం అడగకండి. నేను కూడా చాలా ఏళ్లు పిల్లలను అదే అడిగాను, అందరూ నాకు నచ్చే జవాబే చెప్పారు. “ఈ వారం ఎక్కడ ఆగిపోయావు?” అని అడిగితే, బెడిసికొట్టిన ప్రయోగాన్ని కూడా దాచకుండా చెబుతాడు.

రిచీ వీధిలో ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారం పంపించండి. డబ్బు మీరివ్వండి, బేరం అతన్నే ఆడనివ్వండి.